హోస్ట్ కంట్రోలర్ డ్రైవర్‌కి 'ఎం' కొట్టకండి (కనీసం నాలాంటోళ్లు)

నా లైనక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) కాన్ఫిగ్‌లో ఎక్స్‌హెచ్‌సీఐ (యూఎస్‌బీ పోర్టుల్ని నడిపే హోస్ట్ కంట్రోలర్ డ్రైవర్) లైన్ పక్కన 'ఎం' కనపడితే ఇప్పటికీ ఒళ్లు మండుద్ది. వై అంటే డ్రైవర్ కెర్నల్‌లోనే కలిసిపోద్ది, ఎం అంటే విడిగా మాడ్యూల్ ఫైలుగా ఉండి తర్వాత లోడవుద్ది, ఎన్ అంటే అసలు ఉండదు, మెనూకాన్ఫిగ్ (కెర్నల్ సెట్టింగుల మెనూ) ఒక్కసారి తెరిచినోళ్లకి ఇది తెలుసు. 2017లో కొన్న హెచ్110 బోర్డు డెస్క్‌టాప్ నాది, కొన్న నెలకే సొంతంగా లైనక్స్ కెర్నల్ కంపైల్ చేసుకోవడం మొదలెట్టా, ఇన్నేళ్లలో సౌండ్, గ్రాఫిక్స్, నెట్‌వర్క్ అన్నీ ఒకసారి పెట్టి మర్చిపోయా కానీ యూఎస్‌బీ హోస్ట్ కంట్రోలర్ సెక్షన్ దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ చెయ్యి ఆగుద్ది. ఎందుకో చెప్తా.

ముందు నచ్చినవి. ఈ బోర్డులో ఉన్నది ఒక్క ఎక్స్‌హెచ్‌సీఐ కంట్రోలరే, కీబోర్డు నుంచి 3.0 హార్డ్‌డిస్క్ దాకా అన్ని స్పీడులూ అదే చూసుకుంటుంది. అందుకని పాత తరం కంట్రోలర్ల డ్రైవర్లు ఈహెచ్‌సీఐ, ఓహెచ్‌సీఐ, యూహెచ్‌సీఐ మూడిటికీ ఎన్ కొట్టేశా. పాత రోజుల్లో ఈహెచ్‌సీఐ ముందు లోడవ్వాలి, మిగతావి తర్వాత, లేకపోతే కెర్నలే వార్నింగ్ ఇచ్చేది, పెట్టిన పరికరం ఒక కంట్రోలర్ మీంచి ఊడి ఇంకోదాని మీదకి దూకేది. ఆ గోల మొత్తం పోయింది. ఎల్ఎస్‌యూఎస్‌బీ మైనస్ టీ (యూఎస్‌బీ పరికరాల్ని చెట్టులా చూపించే కమాండ్) కొడితే చెట్టు నీట్‌గా రెండు రూట్ హబ్‌లతో కనపడుద్ది, ఒకటి 480 మెగాబిట్లది, ఒకటి 5000 మెగాబిట్లది. అది చూస్తే నాకు అదో తృప్తి, మా ఆవిడకి చూపిస్తే "అయితే ఏంటి" అంది.

ఇంకోటి, కెర్నల్ తిట్టే పద్ధతి కూడా నాకు నచ్చుద్ది. దీనికి ముందు వాడిన డబ్బాలో ఇంటెల్ 7 సిరీస్ చిప్‌సెట్ ఉండేది, దాంట్లో ఈహెచ్‌సీఐ, ఎక్స్‌హెచ్‌సీఐ రెండూ ఉంటాయి, కొన్ని పోర్టుల్ని ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు. తెలివి ఎక్కువై అందులో ఎక్స్‌హెచ్‌సీఐ తీసేశా. నీలం పోర్టులో పెట్టిన హార్డ్‌డిస్క్ సెకనుకి 30 ఎంబీ దగ్గర నత్తలా పాకుతుంటే కేబుల్ మార్చా, డిస్కుని తిట్టా, చివరికి డీమెసేజ్ (కెర్నల్ రాసే లాగ్) చూస్తే అందులో పచ్చిగా రాసుంది, ఎక్స్‌హెచ్‌సీఐ ఆపేశావు కాబట్టి ఈహెచ్‌సీఐకి వదిలేస్తున్నా, నీ 3.0 సామాన్లు 2.0 స్పీడులోనే నడుస్తాయి అని. ఇంతకన్నా మర్యాదగా ఎవరు చెప్తారు. చదవకపోవడం నా తప్పు.

సరే, అసలు కథకి వస్తా. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో రూమ్ ఖాళీ చేసి సీపీయూ, మానిటరు కారు వెనక సీట్లో పడుకోబెట్టి తెనాలి వచ్చేశా, అమ్మానాన్నల దగ్గరికి. ఆగస్టులో 5.8 కెర్నల్ వచ్చింది. శుక్రవారం రాత్రి, భోజనాలయ్యాక, పాత కాన్ఫిగ్ పెట్టి మేక్ ఓల్డ్‌కాన్ఫిగ్ కొట్టా. కొత్త ఆప్షన్లు ఒక్కోటి అడుగుతా పోయింది. మధ్యలో ఒకటి, ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) కావాల్సిన రెనెసాస్ కంపెనీ ఎక్స్‌హెచ్‌సీఐ కంట్రోలర్లకి సపోర్టు కావాలా అని. నా దగ్గర ఆ చిప్పే లేదు. హెల్ప్ చివర్లో 'తెలీకపోతే ఎన్ కొట్టు' అనే ఉంది. నేనేమో ఎప్పుడైనా అలాంటి కార్డు కొంటే పనికొస్తుంది, మాడ్యూలే కదా, ఓ మూలన పడుంటుంది, ఎం అంటే నష్టం ఏముంది అనుకుని ఎం కొట్టి ముందుకెళ్లిపోయా. చిప్ తప్పు లేదు, ఆప్షన్ తప్పు లేదు, మొత్తం నా వేలి తప్పు.

నా సెటప్ గురించి ఒక ముక్క చెప్పాలి ఇక్కడ. రూట్ డిస్క్ (సిస్టమ్ మొత్తం ఉండేది) ఎన్‌క్రిప్ట్ చేసుంటుంది. బూట్‌లో పాస్‌ఫ్రేజ్ అడిగే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (అసలు డిస్కు తెరవకముందు నడిచే చిన్న సిస్టమ్) కూడా నా సొంత స్క్రిప్టే, డిస్ట్రో (రెడీమేడ్ లైనక్స్ ఇచ్చే) వాళ్లది కాదు. అందులో యూఎస్‌బీ మాడ్యూళ్లు వరసగా ఇన్స్‌మాడ్ (మాడ్యూల్ ఎక్కించే కమాండ్) చేస్తా, యూఎస్‌బీ కోర్, ఎక్స్‌హెచ్‌సీఐ, దాని పీసీఐ భాగం, తర్వాత హెచ్ఐడీ (కీబోర్డు, మౌసు డ్రైవర్). మూడేళ్లు అదే వరస, ఒక్కసారి తేడా రాలేదు. పైగా స్క్రీన్ మీద చెత్త లైన్లు పడకూడదని ఇన్స్‌మాడ్ ఎర్రర్లన్నీ డెవ్ నల్‌లోకి, అంటే చెత్తబుట్టలోకి పంపేశా. అందంగా ఉండాలి కదా మరి.

రీబూట్ చేశా. పాస్‌ఫ్రేజ్ అడిగింది. టైప్ చేస్తున్నా, ఏమీ లేదు. క్యాప్స్ లాక్ కొట్టా, లైట్ వెలగలేదు. ఇంకో పోర్టులో పెట్టా, ముందు పోర్టులో పెట్టా, వెనక నాలుగూ అయ్యాయి. కీబోర్డు పోయిందేమో అనుకుని రీసెట్ కొడితే బయోస్‌లో శుభ్రంగా పనిచేస్తోంది, గ్రబ్ (ఏ కెర్నల్ ఎక్కించాలో ఎంచుకునే) మెనూలో బాణం కీలు పైకి కిందకి తిరుగుతున్నాయి. కెర్నల్ ఎక్కిన క్షణం శవం. అక్కడ వెలిగింది నాకు బల్బు. గ్రబ్ దాకా కీబోర్డుని ఆడించేది బోర్డు మీదున్న ఫర్మ్‌వేర్, కెర్నల్ రాగానే కంట్రోలర్‌ని దాని చేతిలోంచి లాక్కుంటుంది, లాక్కున్న తర్వాత నడపడానికి డ్రైవర్ లేకపోతే ఇక ఇద్దరికీ కాకుండా పోయినట్టే.

పాత కెర్నల్‌తో బూట్ చెయ్యొచ్చుగా అంటారు. బూట్ పార్టిషన్ 200 ఎంబీ, కంపైల్ అయ్యాక పాతదాని మీదే కాపీ కొట్టేశా, అది కూడా శుక్రవారం రాత్రి ధైర్యమే. లైవ్ పెన్‌డ్రైవ్? ఉండేది. దాన్ని ఫార్మాట్ చేయించి సినిమాలు ఎక్కించుకుని నాన్న టీవీకి పెట్టేసుకున్నారు. ఆఫీసు ల్యాప్‌టాప్ ఉంది కానీ దాంట్లో యూఎస్‌బీ స్టోరేజ్ బ్లాక్, కొత్త పెన్‌డ్రైవ్ తయారు చెయ్యడానికి లేదు. రాత్రి పదకొండున్నర, తెనాలి, లాక్‌డౌన్, ఏ కొట్టుకి పోతాం.

అమ్మ లేచి వచ్చి "ఏరా, ఇంకా పడుకోలేదా, ఏమైంది దానికి" అంది. కీబోర్డు పనిచెయ్యట్లేదమ్మా అంటే "మన పాత కంప్యూటర్‌ది అటక మీద ఉందిగా, పారెయ్యలేదు మీ నాన్న" అంది. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు కొన్న డబ్బా అది. స్టూల్ వేసుకుని ఎక్కా, దీపావళికి మిగిలిన టపాకాయల అట్టపెట్టె కింద, పాత పంచెలో మూట కట్టి, కీబోర్డు, ఊదారంగు గుండ్రటి పిన్నుతో. పీఎస్/2! నా బోర్డు వెనక ఆ గుండ్రటి పోర్టు ఉన్న సంగతే మూడేళ్లలో ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ కీబోర్డుకీ యూఎస్‌బీకీ సంబంధమే లేదు, దాని కంట్రోలర్ వేరు, దాని డ్రైవర్ వేరు, ఆ సెక్షన్ నేను ఎప్పుడూ కెలకలేదు కాబట్టి బతికుంది. పవర్ ఆపి పెట్టి, ఆన్ చేసి, స్పేస్ కీ మీద నాలుగుసార్లు గట్టిగా కొడితే గానీ పడట్లేదు, పాస్‌ఫ్రేజ్‌లో మూడు స్పేసులున్నాయి నా ఖర్మకి, మూడో ప్రయత్నంలో తెరుచుకుంది.

తమాషా ఏంటంటే లాగిన్ స్క్రీన్ వచ్చేసరికి యూఎస్‌బీ కీబోర్డు కూడా లేచి కూర్చుంది. మౌసు, వెబ్‌క్యామ్ అన్నీ. మరి ఇందాక ఏం రోగం? డీమెసేజ్‌లో మొదట్లోనే ఉంది, ఎక్స్‌హెచ్‌సీఐ పీసీఐ మాడ్యూల్ దగ్గర అన్‌నోన్ సింబల్, అంటే కావాల్సిన ఫంక్షన్ దొరకలేదని, ఆ సింబల్ పేరు రెనెసాస్‌తో మొదలవుద్ది. నేను ఎం కొట్టిన ఆ ఆప్షన్ ఆన్ అయితే, పీసీఐ మాడ్యూల్ దాంట్లోని ఒక ఫంక్షన్‌ని పిలుస్తుంది, మీ దగ్గర ఆ చిప్ ఉన్నా లేకపోయినా. అంటే ఆ కొత్త మాడ్యూల్ ముందు లోడవ్వాలి. నా స్క్రిప్ట్‌లో ఆ లైన్ లేదు. ఇన్స్‌మాడ్‌కి దేనికేది కావాలో చూసుకునే తెలివి లేదు, ఇచ్చిన ఫైల్ ఎక్కిస్తుంది, ఎక్కకపోతే ఊరుకుంటుంది, ఆ ఏడుపు డెవ్ నల్‌లో కలిసిపోయింది. రూట్ మౌంట్ అయ్యాక యూడెవ్ (పరికరాల్ని చూసి డ్రైవర్లు లోడ్ చేయించేది) వచ్చి మాడ్‌ప్రోబ్ పద్ధతిలో కావాల్సినవన్నీ వరసగా లాక్కొచ్చింది, అందుకే అప్పుడు లేచింది.

ఆ రాత్రే రెనెసాస్‌కి ఎన్ కొట్టి, యూఎస్‌బీ కోర్, ఎక్స్‌హెచ్‌సీఐ, దాని పీసీఐ భాగం, హెచ్ఐడీ అన్నిటికీ వై కొట్టేశా. స్క్రిప్ట్‌లో ఇన్స్‌మాడ్ లైన్లు చెరిపేశా. పొద్దున మూడయ్యింది. అప్పట్నుంచి ఎన్ని కెర్నళ్లు మారాయో లెక్క లేదు, పాస్‌ఫ్రేజ్ దగ్గర కీబోర్డు లైట్ వెలగని రోజు లేదు. యూఎస్‌బీ స్టోరేజ్ మాత్రం ఎం గానే ఉంచా, రూట్ డిస్కు సాటా మీద ఉంది, యూఎస్‌బీ మీద కాదు కాబట్టి దానికి తొందర లేదు.

దీని తర్వాత కనపడ్డ ప్రతివాడికీ 'హోస్ట్ కంట్రోలర్ అంటే వై, ఇంకో మాట లేదు' అని చెప్పుకుంటూ తిరిగా కొన్నాళ్లు. ఇప్పుడంత గట్టిగా చెప్పను. ఒక ఆఫీసు ఫ్రెండ్‌కి అలాగే చెప్పా, వాడి దగ్గర నిజంగానే రెనెసాస్ చిప్ ఉన్న యాడ్-ఆన్ కార్డు ఉంది, దాని మీద ఫర్మ్‌వేర్ దాచుకునే రోమ్ చిప్ లేదు, ఫర్మ్‌వేర్ ఫైల్‌ని కంప్యూటరే ఇవ్వాలి. అన్నీ వై కొట్టాడు, డ్రైవర్ బూట్ మొదట్లోనే లేచి ఫర్మ్‌వేర్ ఫైల్ కోసం వెతికింది, ఆ ఫైల్ ఉన్నది రూట్ డిస్కులో, అది ఇంకా మౌంటే కాలేదు. కార్డు రాలేదు. ఫర్మ్‌వేర్‌ని కూడా కెర్నల్‌లో కలిపేయొచ్చు కానీ వాడికంత ఓపిక లేదు, ఎం కి మార్చుకున్నాడు, హాయిగా ఉన్నాడు. నా మాట విని వాడికి ఓ ఆదివారం పోయింది.

ఇంకోటి, కంట్రోలర్ మొండికేస్తే మాడ్యూల్‌ని పీకి మళ్లీ పెట్టే సౌకర్యం వై లో ఉండదు. ఒక చవక హార్డ్‌డిస్క్ కేస్ పెట్టినప్పుడు నాకు రెండుసార్లు 'హోస్ట్ కంట్రోలర్ చచ్చిపోయింది, శుభ్రం చేస్తున్నా' అనే మెసేజ్ వచ్చింది, ఒకటే కంట్రోలర్ కదా, కీబోర్డు మౌసు అన్నీ దాంతోనే పోయాయి. ఇందాక ఒక్కటే అన్నీ చూసుకుంటుందని మురిసిపోయా చూడండి, దాని ఇంకో వైపు ఇది. ఈథర్నెట్ బతికుంది కాబట్టి ఫోన్‌లోంచి ఎస్ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ మీంచి లాగిన్ అయ్యి) వచ్చి, సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నల్ సంగతులు ఫైళ్లలా కనపడే చోటు) డ్రైవర్ ఫోల్డర్‌కెళ్లి అన్‌బైండ్‌లోకి 0000:00:14.0 (ఆ కంట్రోలర్ అడ్రస్) అని ఎకో చేసి, బైండ్‌లోకి మళ్లీ అదే కొడితే లేచింది. రీబూట్ తప్పింది, అంతవరకు వై తో కూడా పర్లేదు.

ఈహెచ్‌సీఐ తీసేసి తేలిగ్గా ఉంచా అని మొదట్లో గొప్పలు పోయా కదా, ఒకసారి ఈ డిస్కు తీసి పాత 7 సిరీస్ డబ్బాలో పెడితే నీలం పోర్టులు తప్ప నల్లవి చాలావరకు పనిచెయ్యలేదు. బూట్ రెండు సెకన్లు తగ్గిందని కూడా చెప్పేవాడిని, అందులో సగం బయోస్ సెట్టింగ్ మహిమేనని తర్వాత తెలిసింది.

అందుకని నా మాట ఇలా తీసుకోండి, ఎన్‌క్రిప్టెడ్ రూట్, సొంత ఇనిట్ స్క్రిప్ట్, ఒకటే మిషను, ఒకటే యూఎస్‌బీ కీబోర్డు, ఇలాంటి పరిస్థితి ఉంటే ఎక్స్‌హెచ్‌సీఐకి వై కొట్టండి, ఎర్రర్లు డెవ్ నల్‌కి పంపకండి. డిస్ట్రో కెర్నల్ వాడుకునేవాళ్లకి ఇదంతా అక్కర్లేదు, వాళ్ల స్క్రిప్టులు ఏ మాడ్యూల్‌కి ఏది కావాలో చూసుకునే కడతాయి. ల్యాప్‌టాప్ వాళ్లకి కూడా చాలావాటిలో లోపలి కీబోర్డు యూఎస్‌బీ మీద ఉండదు కాబట్టి ఇంత భయం ఉండకపోవచ్చు.

అటక మీది కీబోర్డుని నాతోపాటు హైదరాబాద్ తెచ్చేశా, టేబుల్ కింద ఉంది, స్పేస్ కీ ఇప్పటికీ గట్టిగానే కొట్టాలి. బోర్డు మార్చాలని చూస్తున్నా, కానీ వెనక ఆ గుండ్రటి పోర్టు లేనివి మాత్రం పక్కన పెట్టేస్తున్నా.