ఫ్రిజ్ చల్లబడకపోతే: కొట్టు గుమ్మమా, 1915నా, కమిషనా?

ఆషాఢం ఆఫర్లో అమలాపురంలో కొన్న ఫ్రిజ్ మా ఇంట్లో పదకొండు రోజులు చల్లబడింది. పన్నెండో రోజు పొద్దున్నే పాలు విరిగాయి. కొట్టాయనకి ఫోన్ చేస్తే "ఆయ్, మేం అమ్మేవాళ్లమేనండి, కంపెనీవాళ్లకి చెప్పండి" అన్నాడు. మెకానిక్ వచ్చి గ్యాస్ ఎక్కించాడు. వారానికి మళ్లీ అదే వరస. మూడోసారి ఎక్కించాక మా ఆవిడ "గ్యాస్ దానికి కాదు, మీకు ఎక్కిస్తున్నారు" అంది. అప్పుడు కూర్చుని కొట్టూ, 1915 హెల్ప్‌లైనూ, జిల్లా వినియోగదారుల కమిషనూ, ఈ మూడింట్లో ఏ దారి మేలో చూశాను.

కొట్టు దగ్గరే తేలిపోతే అంతకంటే సుఖం లేదు. ఖర్చుండదు, బస్సెక్కే పనుండదు. కానీ మనకి మొహమాటం ఎక్కువ. రేపు మళ్లీ అదే వీధిలో ఎదురుపడాలి కదా అని నోటిమాటతో సరిపెట్టుకుంటాం, రోజులు జారిపోతాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, అలాంటి గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు అడుగున అచ్చేసినంత మాత్రాన పాడైన సరుకు బాధ్యత తీరిపోదు. అందుకే మొదటి వారంలోనే కొట్టుకీ కంపెనీకీ కలిపి ఒక ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపాలి. మెకానిక్ వచ్చిన ప్రతిసారీ ఏం రిపేరు చేశాడో రాసిచ్చే జాబ్ కార్డు అడిగి తీసుకోవాలి. నేను మొదటి రెండుసార్లూ అడగలేదు.

1915 అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫోన్ నంబరు. తెలుగులోనే చెప్పుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. వాళ్లు ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు రాబడతారు. పేరు చెడుతుందని జంకే పెద్ద కంపెనీల మీద ఇది బాగా పనిచేస్తుంది, వీధి చివరి కొట్టు మీద అంతగా కాదు. ఆదేశమిచ్చే అధికారం మాత్రం దానికి లేదు. పైగా అక్కడ మాటలు నడుస్తున్నా కమిషన్‌కి వెళ్లడానికున్న రెండేళ్ల గడువు ఆగదు.

జిల్లా కమిషన్ అంటే మా వైపు చాలామందికి కోర్టు భయం. నిజానికి లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. సరుక్కి చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 50 లక్షల దాకా జిల్లా కమిషనే చూస్తుంది. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, మనం ఉండే చోటే కేసు వేయొచ్చు, ఆన్‌లైన్లో కూడా. కాగితం మీద కేసు తేల్చడానికి గడువు మూడు నెలలు, సరుకుని ల్యాబ్‌కి పంపాల్సొస్తే ఐదు. నాకు తెలిసినవాళ్లెవరికీ అంత తొందరగా తేలలేదు. అయినా డబ్బు వాపసు, పైన నష్టపరిహారం ఇప్పించగలిగేది ఇదొక్కటే.

భీమవరం వైపు మా బావమరిది రొయ్యల చెరువుకి కొన్న ఏరేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) కాలిపోతే "అది వ్యాపారం కాబట్టి నువ్వు వినియోగదారుడివి కావు" అని బెదరగొట్టారు. సొంత రెక్కల కష్టంతో బతుకుతెరువు కోసం కొనుక్కున్నదైతే ఆ అడ్డు లేదు, చట్టంలోనే ఉంది. వంద ఎకరాల చెరువులున్న ఆసామికి మాత్రం కష్టమే. విత్తనాల విషయంలోనూ ప్రభుత్వ విత్తన సంస్థ నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు, రైతు వినియోగదారుడేనని తేల్చింది.

నా లెక్కలో మిక్సీ, ఫ్యాను లాంటివాటికి కొట్టు, తర్వాత 1915 చాలు. ఫ్రిజ్, టీవీ అయితే ఉత్తరం పంపి, 1915కి నెల రోజులు ఇచ్చి, ఆపైన కమిషన్. విత్తనం, ఏరేటర్ అయితే నెల కూడా ఆగొద్దు, పంటా పోతుంది, సాక్ష్యమూ పోతుంది.

మా ఫ్రిజ్ 1915 దగ్గరే తేలింది, ఫిర్యాదు చేసిన ఇరవై రెండో రోజున మార్చి ఇచ్చారు. ఫిర్యాదుకి బిల్లు ఫొటో అడిగినప్పుడు తీసి చూస్తే, ఆ మెషిన్ కాగితం మీద తేదీ అప్పటికే సగం చెరిగిపోయింది. కొత్త ఫ్రిజ్ బిల్లుని కొట్టు మెట్లు దిగకముందే ఫొటో తీశాను.