షుగర్ పాదాలకు ఎంసీఆర్ చెప్పులు: ఏం చూసి కొనాలి

షుగర్ వల్ల స్పర్శ తగ్గిన పాదాలకు ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు నిజంగా మేలు చేస్తాయి. కుష్ఠు రోగుల పాదాలు పుండ్లు పడకుండా వెల్లూరులో వాడుకలోకి తెచ్చిన మెత్తటి రబ్బరు ఇది. ఒత్తిడిని ఒక్కచోట నిలవనివ్వదు. అయితే పేరు చూసి కొనేయకండి. చేతి బొటనవేలితో నొక్కితే రబ్బరు దిగి, వెంటనే పైకి లేవాలి. కింది సోలు గట్టిగా లేకపోతే ముల్లు నేరుగా పాదంలోకి దిగుతుంది. వేళ్ల మధ్య పట్టీ అసలు వద్దు, ఒరుసుకుని పుండు పడినా తెలియదు. మడమ వెనక పట్టీ తప్పనిసరి. అది లేకపోతే చెప్పు జారిపోకుండా వేళ్లు ముడుచుకుంటాయి. సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బాక కొలత చూడండి. పొడవైన వేలి ముందు సెంటీమీటరు ఖాళీ ఉండాలి. రబ్బరు అణిగి పాదం గుర్తు అలాగే ఉండిపోతే మార్చేయండి. రోజూ చాలా దూరం నడిచేవారికి మాత్రం లేసుల బూట్లే మేలు.