పోత కాంక్రీటా, అచ్చు బ్లాకులా? రైట్ కట్టడాల్లో ఏది మేలు?

అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ కాంక్రీటుతో రెండు దారులు పట్టాడు. షికాగో పక్కన ఓక్ పార్క్‌లోని యూనిటీ టెంపుల్ అనే ప్రార్థన మందిరం (1908) సెంట్రింగ్, అంటే చెక్క చట్రం కొట్టి అందులో పోసినది. లాస్ ఏంజెలిస్‌లోని ఎనిస్ హౌస్ (1924) అచ్చులో చేసిన బ్లాకులతో కట్టినది. కంటికి రెండోదే ఇంపు. మన్నికకూ మరమ్మతుకూ మాత్రం మొదటిదే నయం.

పోత పనిలో డబ్బు మింగేది సెంట్రింగ్ చెక్క. అందుకే రైట్ ప్రార్థన మందిరాన్ని నాలుగు వైపులా ఒకేలా గీశాడు. ఒక వైపు విప్పిన చెక్క మరో వైపు పనికొచ్చింది. ప్లాస్టరింగ్ జోలికి పోకుండా, పైపై సిమెంటును కడిగేసి లోపలి సన్న గులకను బయటికి తేల్చారు. దెబ్బతిన్నది రెండు చోట్ల. ఎక్స్‌పాన్షన్ జాయింట్లు, అంటే కాంక్రీటు సాగి కుంచించుకోవడానికి ఉంచే సందులు వదల్లేదు కాబట్టి చలికీ ఎండకీ గోడలు నెర్రెలిచ్చాయి. పైన 16 చదును కప్పులు, వాటి నీరు దిగే గొట్టాలేమో లోపలి నుంచి! గొట్టం పూడితే ఉరుపు ఎక్కడ తేలుతుందో ఏ మేస్త్రిని అడిగినా చెబుతాడు.

ఎనిస్ హౌస్‌లో గోడలకు సెంట్రింగ్ లేదు, చాకిరీ ఉంది. దాదాపు 27,000 బ్లాకులు. ఒక్కోటి 16 అంగుళాల చదరం, మూడున్నర అంగుళాల మందం, చేత్తో అచ్చులో కూరినవి. బ్లాకు అంచున అరవంపు గాడి ఉంటుంది. రెండు గాడులు కలిసిన చోట ఇనుప చువ్వ, చుట్టూ గ్రౌట్ అనే పలచటి సిమెంటు ముద్ద. నిలువునా అడ్డంగా చువ్వలు నేత పోగుల్లా సాగుతాయి కాబట్టే దీనికి టెక్స్‌టైల్ బ్లాక్ అని పేరు.

చిక్కంతా ఆ చువ్వ దగ్గరే. బ్లాకుల్లో ఇల్లు కట్టిన కొండనే తవ్వగా వచ్చిన గ్రానైట్ పొడి కలిపారు. అందులో మలినాలున్నాయి, బ్లాకు తడి పీల్చింది. చువ్వ తుప్పుపట్టి ఉబ్బితే బ్లాకు లోపలి నుంచే పగులుతుంది. తర్వాత ఎప్పుడో పూసిన రక్షణ పూత తడిని లోపలే బిగించి, ఇంకా చెడగొట్టింది. 1994 భూకంపం, 2005 వానలు మిగతా పని కానిచ్చాయి.

మరమ్మతులో తేడా మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. యూనిటీ టెంపుల్‌లో చెడిన చోటు చెక్కి, చువ్వ శుభ్రం చేసి, అదే సైజు గులకతో పూడ్చుకోవచ్చు. 2015–17లో భవనమంతా బాగుచేశారు. ఎనిస్‌లో ఒక్క బ్లాకు మార్చాలన్నా ఊరికే లాగితే రాదు, చువ్వలు పక్క బ్లాకుల్లోకి సాగి ఉంటాయి. పగలగొట్టి తీసి, అదే నగిషీతో అచ్చు చేయించి, రంగు కలిసేదాకా నమూనాలు పోయాల్సిందే.