మిక్స్‌డ్ మోడ్ బెండింగ్ ఫిక్స్చర్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

రేణిగుంట దగ్గరున్న మా టెస్టింగ్ ల్యాబులో, అతికిన పొరల మధ్య పగులు ఎంత శక్తికి సాగుతుందో కొలవడానికి పరీక్ష యంత్రానికి బిగించే ఈ ఫిక్స్చర్‌ను ఏళ్లుగా వాడుతున్నాం. కార్బన్-ఎపాక్సీ లామినేట్లు (కార్బన్ నారను ఎపాక్సీతో పొరలు పొరలుగా అతికించిన పలకలు), జిగురుతో అతికించిన జాయింట్లు ఎక్కువగా దీని మీదికే వస్తాయి. తిరుపతి చుట్టుపక్కల కాలేజీల నుంచి ప్రాజెక్టుకు వచ్చే పిల్లలు "సార్, మా డిపార్టుమెంటుకు ఇది అవసరమా?" అని అడుగుతూనే ఉంటారు. అవసరమే. పగులు శక్తి కొలిచే పని పెట్టుకున్న ఏ ల్యాబుకైనా ఇది కావాలి.

అతికించిన జాయింటు వాడకంలో ఊడిపోయేటప్పుడు అంచులు తెరుచుకోవడం, ఒకదాని మీద ఒకటి జారడం సాధారణంగా కలిసే జరుగుతాయి. డీసీబీ (డబుల్ కాంటిలీవర్ బీమ్) పరీక్ష తెరుచుకోవడాన్నే, అంటే మోడ్ 1నే చూస్తుంది, ఈఎన్ఎఫ్ (ఎండ్ నాచ్డ్ ఫ్లెక్సర్) పరీక్ష జారడాన్నే, అంటే మోడ్ 2నే చూస్తుంది. ఆ రెండు లోడ్లనూ ఒకే లీవర్‌తో కలిపే పద్ధతిని 1980ల చివర్లో నాసా లాంగ్లీ పరిశోధన కేంద్రంలో రీడర్, క్రూస్ అనే ఇద్దరు రూపొందించారు. 2001లో అది, పరీక్షా ప్రమాణాలు తయారుచేసే సంస్థ ఏఎస్‌టీఎం డి6671 ప్రమాణంగా వచ్చింది. స్పెసిమెన్ (పరీక్షించే ముక్క) మార్చకుండా లీవర్ మీద లోడు పడే చోటును జరిపితే చాలు, మోడ్ 1, మోడ్ 2 పాళ్లు మారతాయి. ఈ ఒక్క సౌకర్యం కోసమే దీన్ని కొనొచ్చు.

అయితే ఆ జరపడం దగ్గరే అసలు జాగ్రత్త ఉంది. స్పెసిమెన్ మధ్య నుంచి లోడు పడే చోటుకు ఉన్న దూరాన్ని 'సి' అంటాం. సగం స్పాన్ (స్పెసిమెన్ కింది ఆధారాల మధ్య దూరంలో సగం) 50 మి.మీ. ఉన్నప్పుడు, మామూలు బీమ్ సూత్రం ప్రకారం సి 44 మి.మీ. దగ్గర రెండు మోడ్లూ సగం సగం వస్తాయి. 108 దగ్గర మోడ్ 2 వాటా 20 శాతం, 28 దగ్గర 80 శాతం. 108కి బదులు 109 పెట్టినా ఫలితంలో తేడా దాదాపు కనబడదు. 28కి బదులు 29 పెడితే మాత్రం 80 కాస్తా 77 అవుతుంది. అందుకే మోడ్ 2 ఎక్కువున్న పరీక్షలకు లీవర్ మీద చెక్కిన గీతలను నేను నమ్మను. లోడు పిన్ను నుంచి మధ్య రోలర్ వరకు ప్రతిసారీ వెర్నియర్‌తోనే కొలుస్తాను.

సి మార్చినప్పుడల్లా ఫిక్స్చర్ వంగే తీరు కూడా మారుతుంది. మందపాటి స్టీలు కడ్డీ పెట్టి ఆ వంపును విడిగా కొలిచి, లెక్కలో తీసేయాలి. చాలామంది దీన్ని ఒక్కసారి చేసి వదిలేస్తారు, అది సరికాదు. ఈ కడ్డీతో ఇంకో ఉపయోగమూ ఉంది. గ్రాఫులో లోడు ఎక్కించిన గీత, దించిన గీత ఒకదాని మీద ఒకటి పడకుండా మధ్యలో ఖాళీ వదిలితే రోలర్లు రాపిడి పెడుతున్నట్టు లెక్క. మాకు వచ్చిన ఫిక్స్చర్లో ఆ ఖాళీ కొట్టొచ్చినట్టు కనబడింది. సరఫరా చేసినవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా పలకలేదు. చివరికి ఊళ్లోనే లేత్ మీద పిన్నులు కొత్తగా తిప్పించి, బేరింగులు మార్చుకున్నాం. అప్పట్నుంచి ఏ ఇబ్బందీ లేదు.

మా శ్రమలో సింహభాగం, స్పెసిమెన్ చివర లోడు అందించే హింజిలు (మడత బందులు) అతికించడానికే పోతుంది. ఉపరితలాన్ని ఎమరీతో గరుకు చేయాలి, అసిటోన్‌తో తుడవాలి, హింజి అంచు స్పెసిమెన్ అంచుకు ఖచ్చితంగా సమాంతరంగా కూర్చోవాలి. మే నెల ఎండల్లో రెండు భాగాల ఎపాక్సీ కలిపిన కాసేపటికే గట్టిపడిపోతుంది. అందుకే పొద్దున్నే, కొంచెం కొంచెంగా కలుపుతాం. అక్టోబరు, నవంబరు వానల్లో స్పెసిమెన్లను డెసికేటర్లో (తేమ చేరని మూత పాత్రలో) దాచి, పరీక్షకు ముందే బయటికి తీస్తాం. తేమ తాగిన ఎపాక్సీ ఇచ్చే అంకెలను పొడి స్పెసిమెన్ల అంకెలతో పోల్చకూడదు.

పగులు కొనను చూడటానికి స్పెసిమెన్ పక్కన తెల్లటి కరెక్షన్ ఫ్లూయిడ్ పూసి మిల్లీమీటరు గీతలు గీస్తాం. యూటీఎంను (లోడు వేసే పరీక్ష యంత్రాన్ని) నిమిషానికి అర మిల్లీమీటరు వేగంతో నడిపి, మైక్రోస్కోపులో ఆ తెలుపు మీద వెంట్రుకంత నల్ల గీత ఎప్పుడు కదులుతుందా అని కనిపెట్టి ఉంటాం. మోడ్ 1 ఎక్కువుంటే అది నింపాదిగా సాగుతుంది. మోడ్ 2 ఎక్కువైతే మాత్రం తరచూ 'టక్'మని ఒకే దూకుడులో మధ్య రోలర్ దాకా పోతుంది. మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నతను "అన్నా, పోయింది!" అనేలోపే గ్రాఫులో లోడు పడిపోయి ఉంటుంది. అలాంటప్పుడు మిగిలేది పగులు మొదలైన విలువ ఒక్కటే. అది ఫిక్స్చర్ లోపం కాదు, పగులు స్వభావమే అంత.

తక్కువ లోడుకే విడిపోయే పల్చటి స్పెసిమెన్లకు లీవర్ సొంత బరువును లెక్కలో చేర్చక తప్పదు. కొత్తగా చేయించుకునేవాళ్లు లీవర్‌ను అల్యూమినియంలో చేయించుకోండి.

ఒక పక్క మందపాటి మెటల్, ఇంకో పక్క పల్చటి కాంపోజిట్ ఉన్న జాయింట్లను దీనిమీద పెట్టి, ప్రమాణంలోని సూత్రాలను ఉన్నవున్నట్టు వాడేయకండి. అవి రెండు సగాలూ ఒకేలా ఉన్నాయనుకుని రాసినవి. మా దగ్గరికి అలాంటివి వస్తే మోడ్ పాళ్లను కంప్యూటర్లో వేసే ఫైనైట్ ఎలిమెంట్ లెక్కతో విడిగా తేలుస్తాం, లేదంటే లోడు కోణం మార్చగలిగే ఆర్కాన్ ఫిక్స్చర్‌కు మళ్లిస్తాం.

ఒకేలాంటి సగాలున్నవాటికి మాత్రం ఇదే మేలు. డీసీబీ, ఈఎన్ఎఫ్ ఫలితాల మధ్య దీని మీద మూడు పాళ్లలో పరీక్షలు చేసి, మోడ్ పాళ్లను బట్టి పగులు శక్తి ఎలా మారుతుందో చెప్పే 1996 నాటి బెంజెగాగ్-కెనాన్ సూత్రానికి సరిపెడితే డిజైనర్‌కు కావలసిన గీత చేతికొస్తుంది. కొనేవాళ్లు బిల్లు కట్టేముందు ఆ స్టీలు కడ్డీ పరీక్ష మీ కళ్లముందే చేయించుకోండి.