ఫోమ్ ఇటుకల షీట్లు గోడకు అతికించే ముందు ఇది చదవండి

ఆషాఢం సేల్స్ మొదలయ్యాయి. శ్రావణానికి ఇల్లు కాస్త కొత్తగా కనబడాలని, తక్కువ ఖర్చులో గోడలు మార్చే వస్తువుల కోసం చాలామంది వెతుకుతుంటారు. పోయిన ఏడాది సరిగ్గా ఈ రోజుల్లోనే నేనూ వెతికాను. తెల్ల ఇటుకల డిజైన్‌తో మెత్తగా ఉంటాయే, వెనక పేపర్ లాగేసి గోడకు నొక్కితే చాలంటారే, ఆ ఫోమ్ షీట్లు కొన్నాను. మొత్తం 5,697 రూపాయలు పెట్టాను. అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళు, సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉన్నవాళ్ళు, ఇంట్లో రోజూ దీపం పెట్టుకునేవాళ్ళు దయచేసి చివరిదాకా చదవండి.

మాది విశాఖపట్నంలో రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లు. హాల్లో సోఫా వెనక గోడ పది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తు. డిస్టెంపర్ వెలిసిపోయి మరకలు పడింది. ఆన్‌లైన్‌లో చూసిన ఫోటోలో ఇలాంటి గోడే, పైనుంచి కిందిదాకా తెల్లటి ఇటుకలతో ఎంత బాగుందో. ‘పెద్ద సైజు, 20 షీట్లు, 1,899 రూపాయలు’ అని ఉంది. ఇవి మామూలుగా 70 సెంటీమీటర్లు, 77 సెంటీమీటర్ల కొలతలో వస్తాయని విన్నాను. అంటే ఒక్కో షీటు దాదాపు ఆరు చదరపు అడుగులు. ఇరవై ఉంటే గోడంతా అతికించినా ఇంకా మిగలాలి.

పార్శిల్ వచ్చింది. పెట్టె చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది, అంత చిన్నది. టేపుతో కొలిస్తే ఒక్కో షీటు 35 సెంటీమీటర్లు, 38 సెంటీమీటర్లు. అంటే నేను అనుకున్న దాంట్లో నాలుగో వంతు. ఇరవై షీట్లూ కలిపితే 29 చదరపు అడుగులు కూడా రాలేదు. అమ్మినవాళ్ళకు రాస్తే ‘కొలతలు వివరాల్లో ఇచ్చాం’ అన్నారు. వెళ్ళి చూశాను, నిజమే. ఏడు ఫోటోలు దాటాక, రంగు, బరువు, మెటీరియల్ అన్నీ అయ్యాక ఒక మూలన ఉంది. ప్యాకెట్ విప్పారు కాబట్టి వెనక్కి తీసుకోం అన్నారు.

అక్కడితో ఆగి ఉంటే 1,899 రూపాయలతో పోయేది. అప్పటికే మావారు, నేను కూర్చుని ఒక మూల నుంచి అతికించడం మొదలుపెట్టాం. మూడో వంతు ఇటుకలు, మిగతాది పాత గోడ, చూడటానికి అసహ్యంగా ఉంది. ఇంకో రెండు ప్యాకెట్లు తెప్పించాను. అవి వచ్చాక పక్కపక్కన పెట్టి చూస్తే మొదటివి పాలలా తెల్లగా ఉన్నాయి, తర్వాతవి మీగడ రంగులో ఉన్నాయి. లాట్ మారితే షేడ్ మారుతుందట. అయినా అతికించేశాం. అదే డబ్బుకు పెయింటర్ వచ్చి ఆ ఒక్క గోడకు లప్పం, ప్రైమర్, రెండు కోట్లు వేసి వెళ్ళేవాడని తర్వాత తెలిసింది.

ఇదంతా డబ్బు సంగతి. అసలు భయపడింది వరలక్ష్మీ వ్రతం రోజు.

కొత్త గోడ ముందు పూజ చేస్తే ఫోటోల్లో బాగుంటుందని పీట అక్కడే వేశాను. కలశం మధ్యలో, రెండు కుందులు రెండు పక్కలా. కుడివైపు కుంది గోడకు దాదాపు ఆనుకున్నట్టే ఉందేమో. తోరం పూజ చేస్తుండగా అత్తయ్యగారు ‘ఏదో కాలుతున్న వాసన వస్తోందమ్మా’ అన్నారు. ఒత్తి కొస అనుకున్నాను. ఆవిడే లేచి చూసి గబుక్కున కుందిని ఇవతలకు జరిపారు. దీపం ఎదురుగా ఉన్న ఇటుక ముడుచుకుపోయి, రూపాయి బిళ్ళంత గుంట పడి, అంచులు గోధుమ రంగుకు తిరిగాయి. చుట్టూ మెరుస్తూ కరిగిన ప్లాస్టిక్. ఇంకో ఐదు నిమిషాలు ఎవరూ చూసుకోకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అప్పుడు ఆ పక్కనే ముత్తైదువులు, పిల్లలు కూర్చుని ఉన్నారు.

ఈ షీట్లు పాలిథిలీన్ ఫోమ్. ఆ ప్లాస్టిక్ సుమారు 110 డిగ్రీల వేడికే కరిగిపోతుంది, మంట తగిలితే అంటుకుంటుంది. ఈ మాట ఆ ప్రొడక్ట్ పేజీలో ఎక్కడా లేదు. పైగా ‘పూజ గదికి, వంటింటికి కూడా బాగుంటుంది’ అని రాసి ఉంది! దయచేసి పూజ గదిలో, స్టవ్ వెనక, స్విచ్ బోర్డుల చుట్టూ వీటిని వేయకండి. వంటింటికి వెండి రంగులో వచ్చే ఫాయిల్ స్టిక్కర్లు కూడా పొయ్యికి దగ్గరగా వద్దు. పై పొర అల్యూమినియం అయినా కింద జిగురు ఉంటుంది, వేడికి అది వదిలి అంచులు లేస్తాయి. మా స్టవ్ వెనక వేసింది నెల తిరక్కుండానే బర్నర్ వైపు వంగింది, అదే రోజు పీకేశాను.

వ్రతం తర్వాత దీపాలు దూరంగా పెట్టుకుని షీట్లు అలాగే ఉంచేశాం. వినాయకచవితి నాటికి కింది వరసలో రెండు మూడు ఇటుకలు ఉబ్బాయి. నొక్కితే లోపల గాలి ఉన్నట్టు మెత్తగా ఉండేవి. దసరా వానలకు హాల్లో తడిబట్టల వాసన పట్టుకుంది. సోఫా కవర్లు ఉతికాను, కర్టెన్లు ఉతికాను, అగరొత్తులు వెలిగించాను. వాసన పోలేదు. చివరికి కార్తీకంలో ఒకరోజు ఉబ్బిన షీటు అంచు పట్టుకుని లాగాను. షీటుతో పాటు డిస్టెంపర్, దాని వెనక లప్పం పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చాయి. వెనక గోడంతా నల్లగా బూజు. చుక్కలు కాదు, పులిమినట్టు. మా చిన్నవాడికి రెండు నెలలుగా తుమ్ములు తగ్గకపోతే ఏసీ వల్ల అనుకుంటున్నాం. వాడు రోజూ ఆ గోడకు ఆనుకునే బొమ్మల వీడియోలు చూసేవాడు. తుమ్ములు దానివల్లేనని నేను చెప్పలేను. కానీ ఆ నలుపు చూశాక నాకు ఏడుపు ఆగలేదు.

ప్లాస్టిక్ షీటు గోడను ఊపిరాడకుండా కప్పేస్తుంది. లోపల ఉన్న చెమ్మ బయటికి ఆరిపోయే దారి ఉండదు. మేము వానాకాలంలో, చెమ్మ ఎక్కువగా ఉండే రోజుల్లోనే అతికించాం. ఇంతకన్నా చెడ్డ సమయం లేదు.

అయినా వేసుకుంటాం అనేవాళ్ళు ముందు రెండు పనులు చేయండి, పైసా ఖర్చు లేదు. గోడకు సెల్లో టేపు గట్టిగా నొక్కి ఒక్కసారిగా లాగండి. టేపుకు పొడి గానీ రంగు గానీ అంటుకుని వస్తే ఆ గోడకు ఏ స్టిక్కరూ వేయకండి, తీసేటప్పుడు గోడే ఊడుతుంది. మన అద్దె ఇళ్ళలో ఎక్కువగా ఉండేది డిస్టెంపరే కాబట్టి ఇది చాలా ముఖ్యం. రెండోది, అడుగు చదరం పాలిథిన్ కవరు తీసుకుని నాలుగు అంచులా గోడకు టేపు వేసి రెండు రోజులు వదిలేయండి. లోపలివైపు నీటి చుక్కలు కనబడితే గోడలో చెమ్మ ఉన్నట్టే. ఇప్పటికే వేసుకుని తీయాలనుకునేవాళ్ళు లాగిపారేయకండి, హెయిర్ డ్రయ్యర్‌తో జిగురును కాస్త వేడి చేస్తూ నెమ్మదిగా కిందికి లాగితే కొంత నయం.

కొనేటప్పుడు పేజీ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. నేను ఫిర్యాదు చేశాక వాళ్ళు ‘పెద్ద సైజు’ అన్న మాట తీసేశారు, నా దగ్గర పాత ఫోటో ఉంది కాబట్టి సరిపోయింది. ప్యాకెట్ కూడా చూడండి. తయారుచేసినవాళ్ళ లేదా దిగుమతి చేసినవాళ్ళ పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, ఎన్ని ఉన్నాయి, ఏ నెల ఏ ఏడాది తయారైంది అనేవి ప్యాకెట్ మీద ఉండాలని చట్టం. నాకు వచ్చిన దాని మీద బార్‌కోడ్ స్టిక్కర్ తప్ప ఏమీ లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. మూడు వారాలకు మొదటి ప్యాకెట్ డబ్బు 1,899 వెనక్కి వచ్చింది. మిగతా రెండింటికీ రాలేదు, కొలత తెలిసీ కొన్నాను కదా అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఆ గోడ మామూలు లేత పసుపు రంగులో ఉంది. అమ్మ పాత మంగళగిరి చీర ఒకటి కత్తిరించి కిటికీకి కర్టెన్లు కుట్టాను, కుట్టుకూలి కూడా లేదు. ఏటికొప్పాక లక్క బొమ్మలు నాలుగు చిన్న చెక్క అర మీద పెట్టాను. పెడన కలంకారీ గుడ్డ ఒక మీటరు కర్రకు తగిలించాను. (అది కొనేటప్పుడు వెనకవైపు తిప్పి చూడండి. చేత్తో అచ్చు వేసినదైతే రంగు వెనక్కి కూడా దిగి ఉంటుంది, అచ్చు అచ్చుకూ మధ్య చిన్న తేడాలు కనబడతాయి.) ఇవన్నీ రేపు ఇల్లు మారినా నాతో వచ్చేవే, గోడకు రెండు మేకులు తప్ప ఏమీ మిగలదు.

రంగు వేయించేటప్పుడు ఓనర్‌గారితో పెద్ద గొడవ అయింది. పెయింటర్ ఖర్చు 7,000 మా అడ్వాన్స్‌లోంచి పట్టుకుంటానన్నారు. గోడ ఎండటానికి వారం వదిలేసినా కింది భాగం ఎండలేదు. పెయింటర్‌కు అనుమానం వచ్చి ప్లంబర్‌ను పిలిపించాడు. గోడకు అవతల ఉన్న బాత్రూమ్‌లో ఒక పైపు జాయింట్ కారుతోంది, చాలా కాలంగా కారుతున్నట్టుందని ప్లంబర్ చెప్పాడు. అప్పుడు ఓనర్‌గారు సగం భరించారు. మేం ఇటుకలు అతికించకపోయి ఉంటే ఆ చెమ్మ మరక ఎప్పుడో గోడ మీద కనబడేది.