బోటు ఇంజన్ వాల్వులు: నూరడమా, మెషీన్ పనా, కొత్తవి వేయడమా?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే 61 రోజుల వేట నిషేధమే విశాఖ, కాకినాడ రేవుల్లోని మరబోట్లకు ఇంజన్ పనుల కాలం. హెడ్డు (సిలిండర్ల పైన బిగించే మూత) దించిన ప్రతిసారీ యజమానికీ మెకానిక్కుకూ మధ్య అదే చర్చ మొదలవుతుంది. పాత వాల్వులను గరుకు పేస్టు పెట్టి నూరితే సరిపోతుందా, షాపుకు పంపి ఫేసూ (వాల్వు తల ఆనే ముఖం) సీటూ (హెడ్డులో అది కూర్చునే గట్టు) కోయించాలా, కొత్తవే కొనాలా? చాలామంది వాల్వు ముఖం చూసి తేల్చేస్తారు. నా అనుభవంలో మాత్రం సగం జవాబు గైడులోనే, అంటే వాల్వు కాడ జారే గొట్టంలోనే ఉంటుంది.

నిర్ధారణ హెడ్డు విప్పకముందే మొదలుపెట్టాలి. అనుమానం ఉన్న సిలిండరు పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు పైచివరకు తెచ్చి, అంటే రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో, ఇంజెక్టర్ రంధ్రం గుండా కంప్రెసర్ గాలి వదిలితే, ఆ గాలి ఎటు పోతుందో చెవికే తెలుస్తుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు బుసకొడితే గాలిని లోపలికి వదిలే ఇన్లెట్ వాల్వు, సైలెన్సర్ వైపయితే పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వు కారుతున్నట్టు. ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే లోపం పిస్టన్ రింగులదో, సిలిండరు లోపలి గొట్టమైన లైనర్‌దో కాబట్టి, వాల్వుల మీద పెట్టే ఖర్చుతో ఆ జబ్బు కుదరదు. హెడ్డు దించాక దాన్ని తిరగేసి, వాల్వులు విప్పకుండానే గుంటల్లో కిరసనాయిలు పోసి పది నిమిషాలు ఆగి, పోర్టులోకి (వాల్వు వెనక గాలి, పొగ పోయే దారిలోకి) టార్చి వేసి చూడాలి. కారే వాల్వు చుట్టూ ముందు సన్నటి తడిగీత మెరుస్తుంది, ఆ తర్వాతే చుక్క జారుతుంది.

చేత్తో నూరడం మూడింటిలో చవక, ఒక పూటలో అయ్యే పని. ఫేసు మీద మసి, చిన్న చుక్కల గుంటలు మాత్రమే ఉండి, గైడులో కాడ ఊగకుండా ఉంటే ఇదే చాలు. నూరిన తర్వాత సీటు చుట్టూ ఎక్కడా తెగని బూడిదరంగు పట్టీ కనబడాలి. గైడు అరిగితే వాల్వు ప్రతిసారీ ఒకే చోట కూర్చోదు కనుక, ఎంత నూరినా బల్ల మీద కిరసనాయిలు ఆగుతుంది గానీ సముద్రంలో కంప్రెషన్ ఆగదు. లోతైన గుంటలు పోయేదాకా నూరుతూ పోతే సీటు పట్టీ వెడల్పై, మూసుకునే ఒత్తిడి తగ్గి, మసి మళ్లీ అక్కడే పేరుకుంటుంది. పైగా పేస్టును పూర్తిగా కడగకపోతే, ఆ ఇసుకే కొత్త గైడునైనా తినేస్తుంది.

మెషీన్ పని దీనికంటే ఖరీదైనా, కోణం ఖచ్చితంగా వస్తుంది. సీటు కోసే కట్టర్ గైడును ఆధారం చేసుకునే తిరుగుతుంది కాబట్టి, గైడు మార్చాలనుకుంటే ముందు గైడు, తర్వాతే సీటు. ఈ వరుస తప్పిన పనికి డబ్బు ఇవ్వడం దండగ. ఎగ్జాస్ట్ వాల్వుల ముఖం మీద స్టెల్లైట్ అనే గట్టి మిశ్రమలోహపు పూత ఉంటే, అది పలచని పొరే కనుక ఎక్కువ గ్రైండ్ చేస్తే కింది మెత్తని లోహం బయటపడుతుంది. వాల్వు తల అంచు మందం సుమారు 1 మిల్లీమీటరుకు తగ్గితే ఆ పలచని అంచు త్వరగా ఎర్రబడి కాలిపోతుంది. డీజిల్ ఇంజన్లో ఇంకో హద్దు కూడా ఉంది: సీటు కోసినకొద్దీ వాల్వు హెడ్డులోకి దిగిపోయి కంప్రెషన్ పడిపోతుంది. ఆ లోతు మాన్యువల్ చెప్పిన హద్దు దాటితే, సీటు రింగు మార్చక తప్పదు.

ఇవి కాక, కొత్త వాల్వు తప్పనిసరి అయ్యే సందర్భాలు మూడు. పిస్టన్ తగిలి కాడ వంగినప్పుడు (అద్దం మీద దొర్లిస్తే తల ఊగుతుంది), అంచు కాలి గాడి పడినప్పుడు, కాడ అరుగుదల గోటికి మెట్టులా తగిలినప్పుడు. నిరుడు ఒక ఆరు సిలిండర్ల ఇంజన్లో నాలుగో ఎగ్జాస్ట్ వాల్వు అంచున గోరు దిగేంత గాడి చూశాను. వాల్వును నొక్కే టాపెట్ చప్పుడు నచ్చక, సరంగు (బోటు నడిపేవాడు) ఆ రెంటి మధ్య ఉండాల్సిన గ్యాపు బిగించేశాడట. వాల్వు వేడిలో ఎక్కువ భాగం సీటు గుండానే హెడ్డులోకి పోవాలి. గ్యాపు లేక సీటుకు పూర్తిగా ఆనని వాల్వు ఆ వేడిని వదల్లేక కాలిపోయింది. చప్పుడు చేసే టాపెట్ కంటే చప్పుడు మానిన టాపెట్టే నాకు ఎక్కువ భయం.

కాబట్టి మరబోటుకు నా సలహా ఒకటే పద్ధతి కాదు. ఇన్లెట్లు గైడు బాగుంటే నూరుడుతో, అరిగితే గైడు మార్చి మెషీన్ పనితో తేలిపోతాయి. ఎగ్జాస్ట్‌లలో ఒకటి కాలి, మిగిలినవి అదే వయసువైతే, అన్నీ కలిపి కొత్తవి వేయడమే మేలంటాను. రోజుల తరబడి సాగే వేట మధ్యలో ఒక సిలిండరు పోతే, ఐసు, డీజిల్, కళాసీల బత్తా కలిపి లెక్కేస్తే వాల్వుల ధర చిన్నదే. ఒక్కటి మాత్రమే వంగి, మిగతావి కొలతల్లో ఉంటే, మొత్తం సెట్టు కొనిపించడం అన్యాయం.

ఎగ్జాస్ట్ వాల్వుల మీద ఎర్రటి తుప్పు, తెల్లటి ఉప్పు పొర కనబడితే మాత్రం పై లెక్కలన్నీ పక్కన పెట్టి, ఎగ్జాస్ట్ మానిఫోల్డును, అంటే చుట్టూ చల్లబరిచే నీటి జాకెట్టు ఉన్న పొగ గొట్టాన్ని విప్పాలి. ఆ గోడ తుప్పుతో చిల్లుపడి ఇంజన్ ఆగినప్పుడల్లా ఉప్పునీరు పోర్టులోకి కారుతుంటే, కొత్త వాల్వులకూ అదే గతి పడుతుంది. జాకెట్టు రంధ్రాలు మూసి, గాలి ఎక్కించి, నీళ్ల తొట్టిలో ముంచి చూస్తే బుడగలు ఎక్కడ లేస్తున్నాయో తెలిసిపోతుంది. ఆ పరీక్ష అయ్యాకే హెడ్డు ఎక్కించాలి.