స్మోకీ పర్వతాల్లో అడవిపూల నడక: గైడ్‌తో ఒక రోజు, మా అంతట మేం ఒక రోజు

ఏప్రిల్ మూడో వారంలో అమ్మను తీసుకుని అట్లాంటా నుంచి అమెరికాలోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్‌కి వెళ్లాం. చాలామంది అక్టోబర్‌లో రంగు మారే ఆకుల కోసం వెళ్తారు. మేం వెళ్లింది చెట్ల కింద పూసే పూల కోసం. ఈ పార్కులో 1,500 రకాలకు పైగా పూల మొక్కలున్నాయి. ఉత్తర అమెరికాలో మరే నేషనల్ పార్కులోనూ ఇన్ని లేవు. పార్కు పక్క ఊరు గాట్లిన్‌బర్గ్‌లో 1951లో మొదలైన వసంతకాలపు అడవిపూల నడకలు పేరున్నవే గానీ మా సెలవులు ఆ తేదీలకు కుదరలేదు. అందుకని గైడ్ నడిపించే, పదిమంది ఉన్న ఒక చిన్న బృందంతో వెళ్లాం.

ఫోన్‌లో మొక్కల్ని గుర్తుపట్టే యాప్ ఉండగా గైడ్‌కి డబ్బులెందుకని మొదట అనుకున్నాను. పార్కులో చాలాచోట్ల సిగ్నలే లేదు. అంతకంటే ముఖ్యంగా, మేమే అయితే గంటలో దాటేసే దూరాన్ని మా గైడ్ మూడు గంటలు నడిపించింది.

ఆ రోజు నడిచిన పోర్టర్స్ క్రీక్ దారిలో మొదటి మైలు వెడల్పాటి కంకర బాట. 1934లో పార్కు ఏర్పడక ముందు ఇక్కడ రైతు కుటుంబాలుండేవి. వాళ్లు పేర్చిన రాతి గోడలు నాచు పట్టి ఇంకా నిలిచే ఉన్నాయి. తర్వాత ఏటి మీద దుంగ వంతెన వస్తుంది. పట్టుకోవడానికి కమ్మీ ఉంది కాబట్టి అమ్మ మెల్లగా దాటేసింది. అవతల అడుగు పెట్టగానే అందరం మాట్లాడడం ఆపేశాం. వాలంతా పేలాలు ఒలకబోసినట్టు తెల్లటి ఫాసీలియా పూలు. దగ్గరికి వంగి చూస్తే ఒక్కో పువ్వు చిటికెన వేలి గోరంత, రేకుల అంచులు కత్తెరతో సన్నగా కత్తిరించిన కుచ్చుల్లా ఉన్నాయి.

వాటి మధ్య ట్రిలియంలు. మారేడు దళంలా మూడు ఆకులు, వాటిపైన మూడు రేకుల పువ్వు. పసుపు రకాన్ని వాసన చూడమని గైడ్ అంటే అమ్మ మోకాళ్ల మీద కూర్చుని ముక్కు దగ్గరగా పెట్టింది. నిమ్మకాయ వాసన! గింజ నాటుకున్నాక తొలి పువ్వు పూయడానికి ఈ మొక్కకు ఏడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుందట. పువ్వుతో పాటు ఆ మూడాకులూ తెంపితే అది ఆహారం తయారు చేసుకోలేక చచ్చిపోనూవచ్చు. పార్కులో పూలు కోయడం నేరం కూడా.

నాకు బాగా నచ్చింది చీమల సంగతి. బ్లడ్‌రూట్ అనే మొక్క పూలు అప్పటికే అయిపోయి ఆకులే మిగిలాయి. దాని గింజకు కొవ్వుతో నిండిన చిన్న తునక అంటుకుని ఉంటుంది. చీమలు దానికోసం గింజను పుట్టకు మోసుకెళ్లి, తునక తిని గింజను వదిలేస్తాయి. అక్కడే కొత్త మొక్క. ట్రిలియంలదీ ఇదే దారి. పైన చెట్లు చిగురించి నీడ కమ్మేలోపే ఈ పూలలో చాలావాటికి ఏడాది పనంతా అయిపోవాలి. అందుకే వెళ్తే మార్చి చివర నుంచి ఏప్రిల్ చివరిలోపే వెళ్లాలి.

లోటు కూడా చెప్పాలి. ఇరుకు బాటలో వరుసగా నడుస్తుంటే వెనకున్న వాళ్లకు గైడ్ మాట వినిపించలేదు. బుక్ చేసేటప్పుడే ఎంతమంది వస్తారో అడగండి, ఆరుగురైతే హాయి. పార్కు ప్రవేశం ఉచితమే గానీ, 15 నిమిషాలకు మించి కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ కొనాలి. మేం రోజుకు 5 డాలర్ల చొప్పున కట్టాం.

బస సంగతికొస్తే, మొదటి రాత్రి గాట్లిన్‌బర్గ్ హోటల్ గది శుభ్రంగానే ఉంది. కానీ పార్కింగ్‌కి వేరే డబ్బులని వెళ్లాకే చెప్పారు, టిఫిన్ ఏడున్నరకు గానీ పెట్టరు. ఎనిమిదింటికి నడక ఉన్నవాళ్లకు అది టెన్షనే. రెండో రాత్రి టౌన్సెండ్ అనే ఊళ్లో ఉన్నాం. ఏటి చప్పుడు తప్ప ఇంకేం లేదు. పోర్టర్స్ క్రీక్‌కి అక్కడినుంచి దూరమెక్కువ. అయినా పెద్దవాళ్లతో వెళ్తే నేను టౌన్సెండ్‌కే ఓటేస్తాను.

మర్నాడు చిమ్నీస్ పిక్నిక్ ఏరియా దగ్గరున్న కోవ్ హార్డ్‌వుడ్ బాటలో మేమిద్దరమే నడిచాం. మైలు కూడా లేని చుట్టుబాట, అక్కడక్కడా నిటారుగా ఉంది. ముందురోజు నేర్పిన చూపుతో ప్రతి పదడుగులకీ ఆగుతున్నాం. ఒకచోట అమ్మ, "ఇది మన కంద పువ్వులా లేదూ?" అంది. పచ్చటి పడగ కింద నిలబడిన చిన్న కాడ. జాక్ ఇన్ ద పల్పిట్! కంద, చేమ, ఇదీ ఒకే కుటుంబం. ఒంట్లో ఆహార నిల్వ తక్కువున్న ఏడాది మగపువ్వు, బలం పుంజుకున్న ఏడాది ఆడపువ్వు పూస్తుందని గైడ్ చెప్పింది ఈ మొక్క గురించే.

వెనకాలే వచ్చిన ఒక జంట మమ్మల్ని చూసి ఆగారు. అమ్మ తెలుగులోనే "ఇదిగో, ఇటు చూడండి" అంటూ వేలితో చూపించింది. వాళ్లూ కింద కూర్చున్నారు.